స్కార్ఫుతో చుట్టిన తలపాగా గంటలోపే జారిపోతోంది, బిగిస్తే తలనొప్పి వస్తోంది

వానచినుకు
90 సెంటీమీటర్ల చదరపు స్కార్ఫును త్రిభుజంగా మడిచి, ఆ మడత అంచును నుదుటి మీద ఆనించి, రెండు కొసలనూ వెనక్కి తీసుకెళ్లి ఒకదాని మీదుగా ఒకటి దాటించి, మళ్లీ ముందుకు తెచ్చి నుదుటి పైన ముడివేయడం నేను అనుసరిస్తున్న పద్ధతి. స్కార్ఫు శాటిన్‌ది. అద్దం ముందు ఉన్నంతసేపూ చక్కగానే ఉంటుంది గానీ, గంట తిరగకముందే ముందరి అంచు నడినెత్తి వైపు పాకిపోతుంది, నుదుటి దగ్గర దోపిన కొసలు ఊడివస్తాయి. జారకూడదని గట్టిగా బిగిస్తే కణతల దగ్గర నొప్పి మొదలై సాయంత్రానికి తల దిమ్మెక్కుతుంది. పిన్నులు గుచ్చితే శాటిన్ మీద రంధ్రాలు నిలిచిపోతున్నాయి. రోజంతా బయట పని ఉన్నప్పుడు మాటిమాటికీ సర్దుకోనవసరం లేకుండా, నొప్పి పుట్టించకుండా నిలిచే పద్ధతి తెలిసినవారు వివరంగా చెప్పగలరు. లోపం గుడ్డలో ఉందా, మడతలో ఉందా, ముడిలో ఉందా అన్నది నాకు తేలడం లేదు.

ఏటిగట్టు
మొదటి బిగింపులోనే అంతా ఉంటుంది. వెనుక కొసలు దాటించేటప్పుడు శక్తికొద్దీ లాగండి. ఎంత బిగించినా అరగంటలో గుడ్డ కొంత వదులవుతుంది కాబట్టి, ఆ వదులును ముందే లెక్కలో వేసుకుని ఒక పట్టు ఎక్కువ బిగించాలి. నేను ఏళ్లుగా అలాగే చుట్టుకుంటున్నాను.

కుట్టుమిషను
ఏటిగట్టు గారితో నేను ఏకీభవించలేను. పాగాను నిలబెట్టేది బిగింపు కాదు, అది తల మీద ఏ చోట కూర్చున్నదన్న సంగతి. తల వెనుక భాగాన్ని వేళ్లతో తడిమితే మధ్యలో ఎముక కొంచెం ఉబ్బెత్తుగా తగులుతుంది, దాని కింద ముచ్చిలిగుంట మొదలవుతుంది. కొసలు దాటించే చోటు ఆ ఉబ్బు కంటే పైన ఉంటే, పుర్రె అక్కడినుంచి పైకి సన్నబడుతూ పోతుంది గనుక, ఎంత బిగిస్తే అంత తొందరగా గుడ్డ పైకి పాకుతుంది. అదే ఉబ్బుకు దిగువన దాటిస్తే గుడ్డ పైకి రావాలన్నా ఎముక అడ్డుపడుతుంది, అప్పుడు సాధారణమైన బిగింపే సరిపోతుంది. ముందువైపు కూడా అంతే: అంచు నుదుటి నిటారు భాగం మీద, వెంట్రుకల మొదళ్లకు ఒక వేలెడు దిగువన ఉండాలి. వెంట్రుకల మొదళ్ల మీదే ఉంచితే అది అప్పటికే వాలు మీద ఉన్నట్టు.

రెండోది కొలత. పెద్దవాళ్ల తల చుట్టుకొలత సుమారు 56 సెంటీమీటర్లు అనుకుందాం. మీ 90 సెంటీమీటర్ల స్కార్ఫును త్రిభుజంగా మడిస్తే మడత అంచు పొడవు 127 సెంటీమీటర్లు వస్తుంది. నుదుటి నుంచి వెనక్కి వెళ్లడానికి ఒక్కో కొసకు 28, తిరిగి ముందుకు రావడానికి మరో 28 ఖర్చవుతాయి. అంటే మొత్తం 112 పోగా రెండు కొసలకూ కలిపి మిగిలేది 15, ఒక్కో చేతికి ఏడున్నర. జడ చుట్టిన ముడి గాని ఒత్తయిన జుట్టు గాని ఉంటే అది కూడా మిగలదు. అంత పొట్టి కొసతో ముడి పడదు, దోపినా నిలవదు. మీ కొసలు ఊడిరావడానికి ముఖ్యమైన కారణం ఇదే అయి ఉంటుంది. ముందుకు తెచ్చి ముడివేయాలంటే 110 సెంటీమీటర్ల చదరమైనా ఉండాలి. దాని కర్ణం 155 కాబట్టి ఒక్కో వైపు 20 సెంటీమీటర్లకు పైగా మిగులుతుంది. 180 సెంటీమీటర్ల పొడవాటి స్కార్ఫయితే 30 దాటి మిగులుతుంది. 90 స్కార్ఫునే వాడదలిస్తే ముడిని వెనుకే వేసి, మిగిలిన కొసలను ఆ ముడి కిందికే మడిచి దోపండి.

నూలుపోగు
కొలత గురించి కుట్టుమిషను గారు చెప్పినదానికి గుడ్డ సంగతి కూడా కలపాలి. శాటిన్ అన్నది పోగు పేరు కాదు, నేత పేరు. సాదా నేతలో పోగు ఒకదాని కింద, ఒకదాని మీద అల్లుకుంటుంది కాబట్టి ఉపరితలం గరుకుగా ఉంటుంది. శాటిన్ నేతలో ఒక్కో పోగు నాలుగైదు పోగుల మీదుగా తేలుతూ వెళ్లి ఆ తరువాత కిందికి దిగుతుంది, మెరుపు అందువల్లనే వస్తుంది, జారుడు కూడా అందువల్లనే వస్తుంది. పట్టు శాటిన్ అయినా పాలియెస్టర్ శాటిన్ అయినా ఈ గుణంలో పెద్ద తేడా ఉండదు. నిలవడానికి పలుచని నూలు వాయిల్, మల్లు గుడ్డ, కొంచెం ముడతల నేత ఉన్న నూలు స్కార్ఫు మేలైనవి. జాలువారే గుడ్డే కావాలంటే శాటిన్‌కు బదులు క్రేప్ గాని జార్జెట్ గాని తీసుకోండి. వాటిలో పోగును బాగా పురిపెట్టి నేస్తారు, అందువల్ల వేలితో రాస్తే సన్నని ఇసుక తగిలినట్టుంటుంది, ఆ గరుకే ముడిని పట్టి ఉంచుతుంది.

చెమట సంగతి కూడా చెప్పాలి. మామూలు గాలిలో ఉన్న నూలు తన బరువులో సుమారు 8.5 శాతం తేమను, పట్టు 11 శాతం తేమను పట్టి ఉంచుకుంటాయి. పాలియెస్టర్ అర శాతం కూడా పట్టదు. రోజంతా బయట తిరిగేవాళ్లకు పాలియెస్టర్ కింద చెమట నుదుటి మీదే నిలిచి, అంచును మరింత జారుస్తుంది.

ఏటిగట్టు
నేను వాడేది నూలు గుడ్డ, పొడవు రెండు మీటర్లకు పైగా. శాటిన్ అన్న మాటను నేను మొదట పట్టించుకోలేదు. అయినా బిగింపు అవసరం లేదన్న మాటను మాత్రం ఒప్పుకోను. వదులుగా చుట్టిన పాగా తల తిప్పినప్పుడల్లా కదులుతుంది, ఎముక కింద దాటించినంత మాత్రాన అది ఆగదు.

లోలకం
మీ ఇద్దరి మధ్య ఉన్న తగవును తీర్చగల లెక్క ఒకటి ఉంది. గుండ్రటి వస్తువు చుట్టూ తిప్పిన తాడు జారకుండా నిలవడం ఎంత కోణం చుట్టామన్నదాని మీద ఆధారపడుతుందని, అది కోణంతోపాటు సమానంగా కాక రెట్టింపుల మీద రెట్టింపులుగా పెరుగుతుందని 18వ శతాబ్దంలోనే గణిత శాస్త్రవేత్త ఆయిలర్ లెక్కగట్టాడు. ఘర్షణ గుణకం, అంటే రెండు ఉపరితలాలు ఒకదాన్నొకటి ఎంత పట్టుకుంటాయో చెప్పే అంకె, 0.3 అనుకుంటే, అర చుట్టు తిప్పినప్పుడు ఒక కొస దగ్గరి చిన్న పట్టు రెండో కొస దగ్గర సుమారు రెండున్నర రెట్ల లాగుడును ఆపగలదు. పూర్తి చుట్టు తిప్పితే ఆరున్నర రెట్లు దాటుతుంది. పడవను గట్టు మీది గుంజకు కట్టేవాడు తాడును రెండు చుట్లు తిప్పి కొసను ఒంటిచేత్తో పట్టుకుని నిలబడగలగడం ఇందువల్లనే. కాబట్టి బలంగా లాగడానికి బదులు ఇంకో అర చుట్టు తిప్పడం వల్ల ఎక్కువ ప్రయోజనం ఉంటుంది. ఏటిగట్టు గారి రెండు మీటర్ల గుడ్డ నిలవడంలో బిగింపు పాత్ర కంటే చుట్ల పాత్రే ఎక్కువని నా అభిప్రాయం. ఘర్షణ గుణకం కూడా ఈ లెక్కలో అదే చోట కూర్చుంటుంది కాబట్టి, శాటిన్ నుంచి నూలుకు మారడమంటే ఇంకొంత చుట్టినంత ఫలితం.

తల పూర్తిగా గుండ్రటి స్తంభం కాదు, జుట్టు కదులుతుంది. ఈ అంకెలను యథాతథంగా తీసుకోకూడదు గానీ, చుట్టుకూ బిగింపుకూ ఉన్న సంబంధం మాత్రం ఇదే.

చేమంతి
మా ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. నేను ఎత్తుకోగానే మొదట ఆమె చేతులు పాగా మీదికే వెళతాయి. ఆమె లాగినా ఊడని పాగా ఏ లెక్కకైనా నిలుస్తుంది. ముందువైపు పువ్వులా తీర్చిన ముడి ఒక్క లాగుకే విడిపోయేది, ముచ్చిలిగుంట దగ్గర దోపిన కొసలు మాత్రం ఆమెకు ఇంతవరకూ అందలేదు.

వానచినుకు
కొలత లెక్క చదివి స్కార్ఫును టేపుతో కొలిచి చూశాను, కుట్టుమిషను గారు చెప్పినట్టే కొసలు చాలడం లేదు. ఇంట్లో ఒక పొడవాటి నూలు స్కార్ఫు ఉంది. పొడవు 180, వెడల్పు 70 సెంటీమీటర్లు. దానిని త్రిభుజంగా మడవడం కుదరదు కదా, పొడవునా మడిచి చుట్టితే కణతల నొప్పి తగ్గుతుందా, పెరుగుతుందా?

కుట్టుమిషను
మంచి ప్రశ్న అడిగారు. నేసిన గుడ్డను పడుగు (నిలువు పోగులు) వెంట గాని పేక (అడ్డం పోగులు) వెంట గాని లాగితే దాదాపుగా సాగదు, మూలగా లాగితే సాగుతుంది, ఎందుకంటే అప్పుడు పోగులు సాగనవసరం లేకుండా ఒకదానిపై ఒకటి పక్కకు వాలి చోటిస్తాయి. దర్జీలు క్రాస్ కటింగ్ అనేది దీనినే. 1920ల్లో పారిస్‌లో మడలీన్ వియొన్నే అనే దుస్తుల రూపకర్త కుట్టిన గౌన్లు ఒంటిని అంటిపెట్టుకుని జాలువారడానికి ఈ గుణమే కారణం. చదరపు స్కార్ఫును త్రిభుజంగా మడిచినప్పుడు నుదుటి మీదికి వచ్చే మడత సరిగ్గా ఆ మూల మీదే ఉంటుంది, అందుకే అది తల ఆకారానికి ఒదుగుతుంది, దవడ కదిలినప్పుడు కణత ఉబ్బితే తానూ కొంచెం సాగుతుంది. పొడవాటి స్కార్ఫును పొడవునా మడిస్తే నుదుటి మీదికి వచ్చేది తిన్నని అంచు, అది సాగదు. కాబట్టి త్రిభుజానికి వేసినంత బిగింపు దీనికి వేయకూడదు.

మీ 180 స్కార్ఫుకు నేను చెప్పేది ఇది. ముందరి అంచును రెండు వేళ్ల వెడల్పున లోపలికి ఒకేసారి మడవండి, రెండు మూడు మడతలు పెడితే అక్కడ కట్టు గట్టిపడి నుదుటి మీద గీత పడుతుంది. స్కార్ఫు నడిమిని నుదుటి మీద ఉంచి, రెండు కొసలనూ చెవుల పైభాగాన్ని తాకుతూ వెనక్కి తెచ్చి, నడినెత్తి మీది గుడ్డనంతా వాటి కిందికి చేర్చి, ముచ్చిలిగుంట దగ్గర దాటించండి. దాటించేటప్పుడు ఒక కొసను రెండోదాని చుట్టూ ఒక్కసారి మెలిపెడితే, ముందుకు తెస్తున్నప్పుడు వెనుక వదులు కాదు. తరువాత ఒక్కో కొసనూ పురిపెట్టి, నుదుటి పైన ఒకదాని మీదుగా ఒకటి దాటించి, ముడి వేయకుండానే ఎదుటి వైపు మడతలోకి దోపండి. అన్నీ అయ్యాక అద్దం ముందు నోరు పూర్తిగా తెరిచి మూయండి, కనుబొమలు పైకెత్తండి. కణతల దగ్గర పట్టేసినట్టనిపిస్తే అప్పుడే వదులు చేసుకోవాలి, సాయంత్రం దాకా ఆగకూడదు.

లోలకం
నొప్పి గురించి ఒక్క మాట. అంతర్జాతీయ తలనొప్పుల సంఘం 2018లో ప్రచురించిన వర్గీకరణలో, తల మీద బయటినుంచి పడే ఒత్తిడి వల్ల వచ్చే నొప్పికి ప్రత్యేకంగా ఒక స్థానం ఉంది. పట్టీ, టోపీ, హెల్మెట్ లాంటివి తీసేసిన గంటలోపు తగ్గిపోవడం దాని లక్షణం. జుట్టును లాగి కట్టడం వల్ల వచ్చే నొప్పిని అందులో వేరుగా పేర్కొన్నారు. వానచినుకు గారు పాగా విప్పాక గంటలోపు నొప్పి తగ్గుతున్నదో లేదో గమనించాలి. తగ్గకపోతే పాగాను నిందించి ఊరుకోకుండా వైద్యునికి చూపించుకోవడం మంచిది.

మొగలిరేకు
ఇక్కడ అందరూ తల మీద జుట్టు ఉందన్న లెక్కతోనే మాట్లాడుతున్నారు. క్యాన్సర్ చికిత్సలో జుట్టు పోయినవాళ్లు కూడా ఈ ప్రశ్న కోసం వెతుక్కుంటూ వస్తారు, నేనూ అలాగే వెతికినదాన్ని కాబట్టి రాస్తున్నాను. కీమోథెరపీలో జుట్టును రాల్చే మందులు వాడినప్పుడు సాధారణంగా మొదటి మోతాదు తరువాత రెండు నుంచి నాలుగు వారాల్లో రాలడం మొదలవుతుంది. ఆ రోజుల్లో మాడు పచ్చిపుండులా సున్నితంగా ఉంటుంది, దిండు తగిలినా నొప్పి తెలుస్తుంది. అప్పుడు బిగించే ప్రసక్తే ఉండదు. గుడ్డ పట్టుకోవడానికి జుట్టు లేదు కనుక, నున్నని చర్మం మీద నూలు స్కార్ఫు కూడా జారుతుంది.

దీనికి మార్గం లోపల ఒక పలుచని టోపీ. అల్లిక గుడ్డతో కుట్టిన మెత్తని నూలు టోపీ, వీలైతే కుట్లు బయటివైపు ఉండేది, లేదంటే తిరగేసి తొడుక్కోవాలి. టోపీ చర్మాన్ని సాగి పట్టుకుంటుంది, స్కార్ఫు టోపీని పట్టుకుంటుంది, అందువల్ల స్కార్ఫును వదులుగానే చుట్టవచ్చు. జుట్టు లేని తల మీద పాగా చదునుగా, చిన్నగా కనిపిస్తుంది. ఆ చదును చూసినప్పుడు కలిగే బాధ చిన్నది కాదు. టోపీకీ స్కార్ఫుకూ మధ్య నడినెత్తి వెనుకగా ఒక చేతిరుమాలును మడిచి పెడితే ఎత్తు వస్తుంది, ముఖానికి మునుపటి పోలిక వస్తుంది. కనుబొమలు కూడా రాలి ఉంటే ముందరి అంచును కొంచెం కిందికి, అవి ఉండే చోటికి దగ్గరగా దించండి. తలకు రేడియేషన్ జరుగుతున్నవాళ్లు మాత్రం ఏ గుడ్డ కట్టుకోవచ్చో, ఎంతసేపు కట్టుకోవచ్చో చికిత్స చేసేవాళ్లను అడిగి తెలుసుకోవాలి.

వానచినుకు
మొగలిరేకు గారూ, మీరు ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. మా పిన్నికి వచ్చే వారం చికిత్స మొదలవుతోంది. ఆమె కోసమే నేను ముందుగా నేర్చుకోవాలనుకున్నాను, ఆ మాట అందరిలో చెప్పాలా వద్దా అని ఆగాను.

మొగలిరేకు
అయితే జుట్టు ఉండగానే ఆమె చేత చుట్టించండి. చేతులు తలపైకి ఎత్తి ఎక్కువసేపు ఉంచడం చికిత్స రోజుల్లో అలసట కలిగిస్తుంది, అందుచేత తక్కువ చుట్లలో అయిపోయే పద్ధతిని ఎంచుకోండి: టోపీ, దాని మీద త్రిభుజపు మడత, వెనుక ఒక్క ముడి. ఆ ముడి కూడా ముచ్చిలిగుంటకు కొంచెం పక్కగా, చెవి వెనుకకు రావాలి. పడుకున్నప్పుడు గాని కుర్చీకి తల ఆనించినప్పుడు గాని సరిగ్గా వెనుక ఉన్న ముడి గులకరాయిలా గుచ్చుకుంటుంది. రాత్రిపూట స్కార్ఫు వద్దు, టోపీ ఒక్కటే చాలు.

ఏటిగట్టు
వానచినుకు గారూ, మీ పిన్నిగారికి త్వరగా నయం కావాలి. నేను చెప్పిన బిగింపు ఆమెకు పనికిరాదు, మొగలిరేకు గారు చెప్పినట్టే చేయండి. అయితే ఒక్క ముడితో నిలవాలంటే అది సరైన ముడి అయి ఉండాలి. కుడి కొసను ఎడమ కొస మీదుగా వేసి మొదటి పట్టు తీశాక, రెండోసారి ఎడమను కుడి మీదుగా వేయాలి. రెండుసార్లూ ఒకే వైపునుంచి వేస్తే ముడి అడ్డంగా తిరిగి, లాగుడు పడిన కొద్దీ జారుతుంది. సరిగ్గా పడిన ముడిలో ఒక్కో కొస తన సొంత పట్టీ వెంటే సమాంతరంగా బయటికి వస్తుంది, ముడి చదునుగా ఉంటుంది, విప్పడమూ సులువు.

చేమంతి
పొడవాటి జుట్టు ఉన్నవాళ్లకు ఒక సూచన. కొప్పును నడినెత్తి మీద వేసుకుంటే పాగా బరువంతా పైన చేరి వెనక్కి లాగుతుంది. తల వెనుక, ఆ ఎముక ఉబ్బుకు కొంచెం పైన వదులు కొప్పు వేసి, దాని కింద కొసలు దాటిస్తే కొప్పే కొక్కెంలా పనిచేస్తుంది. తడి జుట్టు మీద మాత్రం బిగించకండి. తడిసిన వెంట్రుక ఎక్కువ సాగుతుంది, తొందరగా తెగుతుంది.

నూలుపోగు
రోజూ ఒకే చోట అంచును బిగించి, ఒకే చోట కొప్పును లాగి కట్టేవాళ్లకు నుదుటి అంచున, కణతల దగ్గర జుట్టు పలచబడుతుంది. మొదట్లోనే మానుకుంటే తిరిగి మొలుస్తుంది, ఏళ్ల తరబడి లాగితే కుదుళ్లు శాశ్వతంగా చెడిపోవచ్చు. ముందరి అంచును ఒకరోజు కాస్త పైకి, ఒకరోజు కాస్త కిందికి మార్చుకుంటూ ఉండాలి.

వానచినుకు గారి శాటిన్ స్కార్ఫును పారేయనవసరం లేదు. లోపల నూలు పాగా చుట్టుకుని, శాటిన్‌ను నాలుగు వేళ్ల పట్టీగా మడిచి నుదుటి మీదుగా పైన తిప్పి వెనుక ముడివేస్తే మెరుపూ ఉంటుంది, పట్టూ ఉంటుంది.

పట్టకారు
తిరిగే యంత్రాల దగ్గర పని చేసేవాళ్లు కొస అన్నది బయట కనిపించకుండా దోపాలి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కర్మాగారాల్లో పని చేసిన స్త్రీలు స్కార్ఫును పాగాలా చుట్టి కొసలను నుదుటి పైన లోపలికి దోపడం కొస యంత్రంలో చిక్కుకుంటుందన్న భయం వల్లనే. పొయ్యి దగ్గర, వెల్డింగ్ దగ్గర పాలియెస్టర్ పనికిరాదు. నూలు మాడుతుంది, పాలియెస్టర్ 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి చర్మానికి అంటుకుంటుంది. హెల్మెట్ కింద కూడా పాగా ఉంచకండి. మడతల మందం వల్ల హెల్మెట్ తలకు సరిగ్గా కూర్చోదు. లోపలి పలుచని టోపీ మీదనే హెల్మెట్ పెట్టుకుని, దిగాక పాగా చుట్టుకోవచ్చు.

కోయిలపాట
చెవి వెనుక వినికిడి యంత్రం పెట్టుకునేవాళ్ల సంగతి ఎవరూ ప్రస్తావించలేదు, వానచినుకు గారి పిన్నిగారికి అది లేకపోయినా ఇది చదివే మరొకరికి ఉండవచ్చు. యంత్రం మైకు మీదికి గుడ్డ వస్తే మాట మందగిస్తుంది, గుడ్డ రాపిడి పెద్ద శబ్దంగా వినిపిస్తుంది, ఒక్కోసారి ఈల వేస్తుంది. పట్టీని చెవి పైభాగం మీదుగా తెచ్చే బదులు చెవి మొదలుకు అరంగుళం పైనుంచి వెనక్కి తిప్పి, ఆ తరువాతనే ముచ్చిలిగుంట వైపు దించండి. కళ్లజోడు ఉన్నవాళ్లు కూడా పాగా పూర్తయ్యాక, కమ్మీని గుడ్డ మీదుగా పెట్టుకోవాలి. లోపల పెట్టి పైన చుట్టితే ఆ కమ్మీ కణతను నొక్కుతుంది, నొప్పి పాగా వల్ల వచ్చిందని అనుకుంటాం.

వానచినుకు
పిన్ని కళ్లజోడు పెట్టుకుంటుంది, ఈ మాట ఎంతో ఉపయోగపడుతుంది. ఆదివారం ఆమె దగ్గరకు వెళుతున్నాను. నూలు టోపీలు, 110 సెంటీమీటర్ల వాయిల్ స్కార్ఫులు తీసుకెళ్లి, ఏటిగట్టు గారు చెప్పిన ముడిని చెవి వెనుక వేయడం ఆమె చేతనే సాధన చేయిస్తాను.

మొగలిరేకు
టోపీలను వాడకముందు ఒకసారి వాసన లేని సబ్బుతో ఉతికి ఆరేయండి. కొత్త గుడ్డలోని గంజి, ఘాటైన సబ్బు వాసన ఆ రోజుల్లో చర్మానికీ పడవు, కడుపుకూ పడవు.